వికాను కనుగొన్నది ఎవరు?

పిల్లలూ! "ఫలానా శాస్త్రజ్ఞుడు కొత్త జంతువును కనుగొన్నాడు" అని పత్రికల్లో చదువుతుంటారు కదా. అంతకుముందు దాన్ని ఎవరూ చూడలేదనేనా ఆ మాటకు అర్థం? కాదంటాను నేను.

ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులున్నాయి. వాటిలో వంగును ఒకటి. అక్కడి జైరా ప్రజలు తమ అడవిలో చెట్లమీద బతికే ఓ పెద్ద ఎలుకను 'వికా' అని పిలిచేవారు. కొబ్బరికాయకు సైతం చిల్లు పెడుతుందట! టైరోన్ లావరీ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు 2010లో ఈ సంగతి విన్నాడు. ఏళ్ళ తరబడి వెతికాడు, అడవిలో కెమెరాలు అమర్చాడు. ఎలుక చిక్కలేదు. చివరకు 2015లో కలప కోసం పడగొట్టిన చెట్టులోంచి ఒక వికా బయటపడింది. పాపం, దెబ్బలు తగిలి చనిపోయింది.

ఊరివాళ్ళకు ముందే తెలిసినప్పుడు శాస్త్రజ్ఞుడు చేసిందేమిటని అడుగుతారా? చాలా ఉంది. కొత్త జాతి అని ఊరికే అంటే చెల్లదు. పుర్రె, పళ్ళు కొలవాలి. దగ్గరి బంధువుల పుర్రెల పక్కన పెట్టి చూడాలి. డి.ఎన్.ఎ. పోల్చాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా చూసుకునేందుకు ఆ నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి. ఆపైన వర్ణన అచ్చు కావాలి. ఇంత పని జరిగాక, 2017లో అది 'యురోమిస్ వికా' అయింది. ముక్కు నుంచి తోక చివరి దాకా సుమారు 46 సెంటీమీటర్లు! చెవులు పొట్టివి. పాదాలు వెడల్పు, కొమ్మలమీద తిరగాలి కదా మరి.

పేరులో ఊరివాళ్ళ మాటే నిలిచింది. వ్యాసం రాసినవారిలో లావరీతోపాటు సోలమన్ దీవులకు చెందిన హికువానా జడ్జ్ కూడా ఉన్నాడు. ఇదే న్యాయం. పూర్వం ఎన్నో జంతువులకు, వాటిని అడవిలో ఏనాడూ చూడని దొరల పేర్లు తగిలించారు!

పేరుతో పనేమిటంటారా? శాస్త్రీయమైన పేరు లేని జంతువు అంతరించే జాతుల జాబితాకెక్కడం కష్టం. వికా ఎక్కింది, అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో.

తరువాత ఊరివాళ్ళ తెలివే మళ్ళీ అక్కరకొచ్చింది. వాళ్ళ సాయంతో కెమెరాలు పెట్టి, నువ్వులనూనె ఎరగా ఉంచితే, బతికున్న వికాలు మొదటిసారి ఫొటోలకు దొరికాయి. మొత్తం 95 ఫొటోలు, నాలుగే ఎలుకలు. 2023లో ఆ ఫొటోలు అచ్చయ్యేనాటికే, జైరా వాళ్ళు ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన ఆ అడవిలో చెట్లు నరకడానికి అనుమతి వచ్చేసింది.