మొదటి స్క్వాడ్రను

దళచరిత్రలు వ్రాయువారు విజయములను విరివిగా వర్ణించి, తక్కిన ఘట్టములను రెండుమాటలతో దాటవేయుట పరిపాటి. మన వైమానికదళపు మొదటి స్క్వాడ్రను చరిత్ర నట్లు చదువరాదని మా యభిప్రాయము.

1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీయందలి డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటీ విమానములతో నీ దళము జన్మించెను. క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన మన యువకులు వానిని నడపిరి. భారతీయుడు విమానము నడపజాలడను దొరలకు ఇది తగిన సమాధానమే. కాని వారికప్పగించిన పని యెట్టిది? 1937 నాటికి వారు మీరంషా నుండి యెగిరి, వజీరిస్తానపు కొండజాతుల నణచు సేనలకు తోడ్పడుచుండిరి. దాసుని చేతనే దాసుని గొట్టించుట సామ్రాజ్యనీతి. దళము పుట్టిన 1933లోనే, విమానములనుండి బాంబులు వేయుటను నిషేధింపవలెనని జెనీవాలో చర్చ జరుగగా, దూరప్రాంతములలో పోలీసు పనికి మాత్రము మినహాయింపు కావలెనని బ్రిటిషు ప్రభుత్వము కోరెను!

పిమ్మట దళము పాత్ర మారెను. 1942లో బర్మాయందు, వేగుపనికై నిర్మించిన లైసాండరులకు బాంబులు తగిలించి, మజుందారు నాయకత్వమున జపానువారి విమానస్థావరములపై బడిరి. 1944లో ఇంఫాలువద్ద అర్జన్ సింగు నాయకత్వమున హరికేనులపై శత్రువుజాడలు తీసిరి. 1947లో దేశముతోపాటు దళములును పంచబడెను. మన లెక్కనుండి తొలగిన యీ దళసంఖ్యను 1953లో వేరొక దళమునకిచ్చి నిలిపిరి. 1965 సెప్టెంబరు 7న మిస్టేరులతో సర్గోధాపై దాడి చేసినప్పుడు దేవయ్యగారు శత్రువిమానముతో పోరాడి తిరిగిరాలేదు. ఆ వీరునికి మహావీరచక్రము లభించుటకు 1988 వరకు పట్టెను. మిగ్ 21, మిరాజ్ 2000 విమానములు తరువాత వచ్చినవి.

విమానము మారెను, పని మారెను. ధైర్యము మాత్రము నాడును నేడును ఒక్కటియే. వజీరిస్తానమున నెగిరినవాడు ఇంఫాలున నెగిరినవానికంటె పిరికివాడు కాడు. భేదమంతయు ఆజ్ఞలోనే కలదు.

స్వరాజ్యము వచ్చినంతనే ఆజ్ఞలన్నియు ధర్మబద్ధములగునా? 1966 మార్చిలో మన ప్రభుత్వమే మన ఐజ్వాలు పట్టణముపై విమానదాడి చేయించెను. ఆ పని చేసినది ఈ స్క్వాడ్రను కాదు. కాని ఆజ్ఞ మనదే. పరప్రభుత్వము సరిహద్దున జేసినదానిని నిందించిన నోళ్లు, ఇంటివారు చేసినదానికి మూతపడరాదు.

సైనికుడు ఆజ్ఞకు బద్ధుడు. ఆజ్ఞాపించువారు పార్లమెంటునకు బద్ధులు. పార్లమెంటును ప్రశ్నింపవలసినవారము మనము. ఆ ప్రశ్న యడుగుటయే వీరులకు మనము చేయగల నిజమైన గౌరవము.