పద్దులో లేని నష్టం

ఆఫీసు హంగులకి పెట్టిన డబ్బు ఎంత తిరిగొస్తుందో పెద్ద కంపెనీలు లెక్కలు కడుతున్నాయిట. మంచిదే! మరి పెట్టని డబ్బువల్ల పోయేదెంతో ఎవరు కడతారు?

మా పెదపారుపూడి నుంచి గుడివాడ ఆఫీసుకి రోజూ బస్సులో వెళ్ళొచ్చే ఓ గుమాస్తా అమ్మాయి పగలంతా మంచినీళ్ళు ముట్టదు. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదక్కడ. అడిగితే "నిధుల్లేవమ్మా" అన్నారుట. ఆఫీసరుగారి గదికి మాత్రం కొత్త కర్టెన్లొచ్చాయి! మధ్యాహ్నానికి ఆ పిల్లకి తలనొప్పి, కూడికల్లో తప్పులు, నెలకో సెలవు, డాక్టరు ఫీజు. ఈ నష్టం ఏ పద్దులో రాస్తారండీ?

కేరళలో బట్టలకొట్ల అమ్మాయిలు పోరాడి 2018లో కూర్చునే హక్కు సాధించారు. తమిళనాడులో 2021లో వచ్చింది. స్టూలు వేస్తే లాభమెంతని చూసి ఇచ్చింది కాదది.

కర్టెన్లకి అడగని లెక్క మరుగుదొడ్డికెందుకు? లెక్కే కావాలంటే, ఆఫీసరుగారిని ఒక్కరోజు నీళ్ళు తాగకుండా పనిచెయ్యమనండి. సాయంత్రానికి ఆయనే తేలుస్తారు!