కోత పెట్టాల్సింది ఆమె పళ్లెంలో కాదు

ఉలవలు ఉడికించిన రోజు చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యి ఒక్కసారే వెలుగుతుంది, వంటలు మాత్రం రెండు మూడవుతాయి. ఉడికిన కట్టులో చింతపండు రసం పోస్తే చారు. గింజల్లో కొన్నిటికి తిరగవాత వేస్తే గుగ్గిళ్లు. మిగిలినవి ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో కలిపి రోట్లో నూరితే సంగటిలోకి ఊరిబిండి. చలికాలంలో అనపకాయలదీ ఇదే వరస. గింజలు నానబెట్టి పితికితే పితికిపప్పు, ఒలిచిన పొట్టు పశువులకు. వానను నమ్ముకోలేని మెట్ట సేద్యం నేర్పిన వంట ఇది.

సంగటి సంగతి చెప్పనే అక్కర్లేదు. నూకలు, రాగిపిండి కలిపి కెలికిన ముద్దల్లో రాత్రి ఒకటి మిగిలితే నీళ్లలో వేసి ఉంచుతారు. పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ కలిపితే అదే అంబలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. పులిసిన దోసెపిండి పొంగణాలవుతుంది, పుల్లబడిన మజ్జిగ మజ్జిగ పులుసవుతుంది, మిగిలిన అన్నం చిత్రాన్నమవుతుంది. ఇవి గతిలేక సర్దుకుని తిన్న తిండ్లు కావు. రుచికరమైన వంటలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఇదే రాగిపిండి రంగు డబ్బాల్లోకి, బిస్కెట్లలోకి ఎక్కి రెండింతలు మూడింతల ధరకు తిరిగి ఇంటికొస్తోంది.

మరి ఇంత తెలివైన వంటిల్లు ఉన్నచోట నెలాఖరుకు డబ్బు ఎందుకు చాలడం లేదు? కేంద్ర ప్రభుత్వం 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ఒక దారి చూపిస్తుంది. దేశంలోని పల్లె కుటుంబాలు తమ ఖర్చులో 47 శాతం తిండికి పెడుతున్నాయి. అందులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా మొత్తం ఖర్చులో 5 శాతం దగ్గరే ఉంది. పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన తిండి, బయట కొనే భోజనం కలిపి దాదాపు 10 శాతం. రేషన్ బియ్యం ఉచితంగా అందడం ధాన్యం వాటా తగ్గడానికి ఒక కారణమే. అయినా తిండి గింజల మీద పెట్టేదానికి రెండింతలు ప్యాకెట్ల మీద, టీ బంకుల్లో, టిఫిన్ సెంటర్లలో పోతోందన్న మాట నిలబడుతుంది. పట్టణాల్లో ఆ వాటా 11 శాతం.

తిరుపతి పక్కనే ఉన్న చంద్రగిరిలో ఈ ఖర్చు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. పనికీ చదువుకీ తెల్లారి బస్సెక్కేవాళ్లు, దారి పొడవునా అంగళ్లు. ఇద్దరు పిల్లలకు రోజూ చెరో పది రూపాయల ప్యాకెట్ కొన్నా నెలకు 600 రూపాయలు. లోపల ఉండేది కొంచెం పిండి, నూనె, ఉప్పు, మిగతాది గాలి. చెనిక్కాయలు పండించి, బెల్లం వండిన జిల్లా పిల్లలకు ఆ రెండూ కలిపి ఉండలు కట్టి పెట్టే ఓపిక ఇంట్లో ఎవరికీ మిగలకపోవడం బాధాకరం. ఆ ఓపిక తల్లి ఒక్కతే తెచ్చుకోవాలని అనడం మాత్రం అన్యాయం. ఆదివారం సాయంత్రం తండ్రి చెనిక్కాయలు వేయిస్తే ఉండలు ఏమీ చేదెక్కవు.

టమాటా పాఠం ఈ ప్రాంతానికి వేరే చెప్పాల్సిన పని లేదు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. సెప్టెంబరు వచ్చేసరికి రైతుకు పెట్టుబడి కూడా దక్కనంతగా పడిపోయింది. ధర పడినప్పుడు రెండు గంపలు కొని, ముక్కలు కోసి ఉప్పు చల్లి ఎండబెట్టుకున్న ఇల్లు ధర పెరిగినప్పుడు నిబ్బరంగా ఉంటుంది. అప్పుడు కొన్న గంప రైతుకూ కొంత ఆసరా. ధర మండిపోయే రోజుల్లో చింతపండు, గోగాకు, చింతచిగురు, మామిడికాయ ఉండనే ఉన్నాయి. పచ్చిపులుసుకు టమాటా అక్కర్లేదు.

గ్యాస్ మాట. ఆడవాళ్లను పొగపొయ్యి నుంచి తప్పించడానికి 1999లో దీపం పథకం తెచ్చిన చంద్రబాబు నాయుడు ఊరు నారావారిపల్లె చంద్రగిరి మండలంలోదే. 2024 చివర్లో మొదలైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఒక్కో దాంట్లో 14.2 కిలోలు. నాలుగోది సొంత డబ్బుతోనే కొనాలి. కందిపప్పు గంటసేపు నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, ఉడుకు పట్టగానే మంట తగ్గించడం, అందరూ ఒక్కసారే తిని కూర మళ్లీ మళ్లీ వేడి చేయకుండా ఉండడం... ఇవి చిన్న విషయాలే, కానీ రోజూ జరిగేవి.

పారేసే తిండి లెక్క మరీ కలవరపెడుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్ల నుంచే మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలో పడుతోంది. అందులో తొక్కలు, గింజలూ కలిసి ఉన్నాయి. అయినా నలుగురున్న ఇంటికి 220 కిలోలు.

పొదుపు పేరుతో చేయకూడనివీ ఉన్నాయి. బజ్జీలు వేసిన నూనెనే పదేపదే కాచడం, ఎండాకాలంలో పొద్దున వండిన అన్నం పొడిగా అలాగే వదిలేసి రాత్రి తినడం ఆస్పత్రి ఖర్చును పిలవడమే. వీటన్నిటికంటే పెద్ద తప్పు మరొకటుంది. పాలు పిల్లలకు, గుడ్డు మగవాళ్లకు, అడుగున మిగిలింది ఇల్లాలికి అనే పద్ధతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేల్చింది. ఆమె తినకుండా మిగిల్చిన డబ్బును పొదుపు అనకూడదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు ఆ తర్వాత రోజుకు ఒక్క రూపాయి చొప్పున కూడబెట్టారు. పొదుపు లక్ష్మి పేరుతో అది రాష్ట్రమంతా పాకింది. ఆ రూపాయి వాళ్ల పేరు మీద ఉంది, అందుకే నిలిచింది. వంటింట్లో మిగిలేదానికీ ఇదే పద్ధతి ఉండాలి. గ్యాస్ మీదో, ప్యాకెట్ల మీదో తగ్గిన ఖర్చు ఇంటి జమాఖర్చుల్లో కలిసిపోకుండా ఇల్లాలి ఖాతాలో పడాలి.

ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ప్యాకెట్లకూ బయటి తిండికీ అయ్యే ఖర్చు విడిగా ఒక వరసలో రాయండి. అందులో సగం తగ్గించి, ఆ డబ్బుతో ముందు ఇంట్లో ఆడవాళ్లకు గుడ్డు, ఆకుకూర, పప్పు సరిపడా కొనండి. మిగిలింది ఇల్లాలి పేరున వేయండి.