రుచి తెలిసిన మారాజులు

మొన్న హైదరాబాదు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్నొక బీరు కాచే చోటికి తీసుకెళ్ళాడు. అయ్యో, ఇదేం రచయిత్రమ్మా అని పేజీ తిప్పేయకండి. నేను తాగడానికి వెళ్ళలేదు. పోట్లాడడానికి అసలే వెళ్ళలేదు. కానీ పోట్లాట మాత్రం అయింది. అది అక్కడ సగంలో ఆగిపోయింది గనక, మిగతా సగం మీ ముందు పూర్తి చేసుకుంటున్నాను.

అక్కడ సీసాలుండవు. అద్దాల గోడ వెనకాల నిలువెత్తు స్టీలు పీపాలుంటాయి. బీరు అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే పోస్తారు. ఆ రోజు ఏమేం వున్నాయో గోడకున్న నల్లపలక మీద సుద్దముక్కతో రాసిపెట్టారు. మార్కాపురం మనిషిని కదా, ముందు పలకనే చూశాను. మా రాతిపలక కాదు, చెక్కకి నల్లరంగు పూసింది!

ఒక చెక్కలో గుంటలు చేసి, వాటిల్లో ఆరు చిన్న గ్లాసులు పెట్టి తెచ్చారు. మందుల షాపులో టానిక్కుకిచ్చే గ్లాసుకంటే కాస్త పెద్దవి. పక్కన ఒక కాగితం, పెన్సిలు. ఒక్కోటీ వాసన చూడాలి, రంగు చూడాలి, గుక్కెడు నోట్లో తిప్పాలి, మార్కులెయ్యాలి. ఇదంతా వీళ్ళ సొంత తెలివి అనుకునేరు! అమెరికాలో బీరు జడ్జీలకి ఒక పద్ధతే వుంది. మొత్తం 50 మార్కులు. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తమ్మీద అభిప్రాయానికి 10. మా కాలేజీలో తెలుగు వ్యాసానికి కూడా ఇంత వివరంగా మార్కులు వేసిన మాస్టారు లేరు.

తాగడానికి వెళ్ళలేదన్నాను గానీ పెదవులు తడిపాను, దాచడమెందుకు? గోధుమ బీరులో అరటిపండు వాసనా, లవంగం ఘాటూ వచ్చాయి. "అరటిపండు కలిపారా?" అంటే వాడు నవ్వాడు. అరటిపండూ లేదు, లవంగమూ లేదు, ఆ రెండు వాసనలూ ఈస్టు పులిసేటప్పుడు పుట్టించినవేనట. ఇడ్లీపిండి పొంగిన పొద్దున వంటింట్లోకి వెళ్ళిన ఏ ఇల్లాలికీ ఇది వింత కాదు. నల్లటి దాంట్లో కాఫీ వాసన. అదీ కాఫీ కాదు, మాడేదాకా వేయించిన బార్లీ. బాగానే వుంది. మంచి పనితనం ఎక్కడున్నా మంచిదే. ఇంతవరకూ నాకేం పేచీ లేదు.

పేచీ వాడన్న మాటతో వచ్చింది. "చూశావా అత్తా, తాగడమంటే ఇదీ! మన ఊళ్ళోవాళ్ళకి రుచి తెలీదు. వాళ్ళకి మత్తెక్కితే చాలు" అన్నాడు.

వాడికి తెలీకుండానే ఆ మాట వెళ్ళి మా చిన్నాన్న మీద పడింది.

చిన్నాన్న పలకల గనిలో పనిచేసేవాడు. పగలంతా రాయిని పొరలు పొరలుగా విడదియ్యడం, సాయంత్రం సారా దుకాణం. అప్పట్లో సారా పొట్లాల్లో వచ్చేది. దాన్ని ఆయన తాగే పద్ధతి నాకు బాగా గుర్తు. పంటితో మూల కొరికి, తల వెనక్కి వాల్చి, నాలుకకి తగలకుండా తిన్నగా గొంతులో పోసుకునేవాడు. తరవాత ఇంత ఉప్పు నాకి మొహం చిట్లించేవాడు. ముప్ఫయ్యెనిమిదేళ్ళకి పోయాడు. రుచి తెలీక అలా తాగాడా? రుచి తెలుసు గనకే తగలకుండా తాగాడు! నాలుకని తప్పించుకుంటే తప్ప లోపలికి పోని సరుకుని ఆయనకి అమ్మారు. అమ్మినవాళ్ళు లాభం చూసుకున్నారు, అమ్మనిచ్చిన సర్కారు ఖజానా నింపుకుంది. చివరికి నింద మటుకు ఆయన నాలుక మీద!

అసలు మా ప్రాంతానికి రుచి చూడడం కొత్త కాదు. గిద్దలూరు వైపు వాగుల పక్కన ఈతచెట్లు గీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి. చలికాలం ఈతకల్లు వేరు, ఎండాకాలం తాటికల్లు వేరు. మగచెట్టుది ఒక రకం, ఆడచెట్టుది మరో రకం. పొద్దున దించింది తియ్యన, మధ్యాహ్నానికి పొంగు, సాయంత్రానికి పులుపు. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, దాన్నే నీరా అంటారు. పలానా చెట్టు కల్లు పలానా నెలలోనే బాగుంటుందని చెప్పగల ముసలివాళ్ళుండేవారు. వాళ్ళ చేతిలో కాగితం లేదు, పెన్సిలు లేదు. ఆ మాటకొస్తే ఆ పరీక్షకి మార్కులెన్నో కూడా తెలీదు. కానీ జడ్జీలంటే వాళ్ళే.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మనకో సామెత వుంది. ఇప్పుడది తిరగబడింది. అద్దాల మేడలో కూర్చుంటే కల్లు తాగినా పాలే అంటున్నారు! రెండిట్లోనూ వున్నది పులిసిన రసమే, పులియబెట్టింది ఈస్టే. ఒకడు మోకు కట్టుకుని చెట్టెక్కి ప్రాణాలొడ్డి దించితే అది తాగుబోతుతనం, మీట తిప్పితే పీపాలోంచి వస్తే అది సంస్కృతి. ఇదెక్కడి న్యాయం?

"అయితే అందరూ తాగాలంటావా?" అని మీలో ఎవరో అడుగుతున్నారు, నాకు వినిపిస్తోంది. అననమ్మా! 1992లో నాకు పన్నెండేళ్ళు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం ఊరూరా పాకింది. మా చిన్నమ్మ, అంతవరకూ వీధిలో గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషి, కొంగు బిగించి దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధమన్నారు, 1997లో ఎత్తేశారు. చిన్నమ్మ ఆ మధ్య ఏళ్ళని ఇప్పటికీ పండగలా తలుచుకుంటుంది. అలాంటి చిన్నమ్మ చేతికి మార్కుల కాగితం ఇస్తే ఏం వేస్తుందో మీరే చెప్పండి. వాసనకి 12, రుచికి 20 సరే, ఇంటికి తెచ్చిన కూలీ డబ్బుకి ఎన్ని? పిల్లల నిద్రకి ఎన్ని? ఆ గళ్ళు ఏ కాగితంలోనూ లేవు.

ఇక అసలు సంగతికొస్తాను. బీరులో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. ఇంగ్లండులో బర్టన్ అనే ఊరి బీరుకి పేరు రావడానికి అక్కడి బావినీళ్ళలో వున్న జిప్సం కారణం. చెక్ దేశంలో పిల్సెన్ బీరుకి అక్కడి మెత్తటి నీళ్ళు కారణం. ఇప్పుడైతే కాచేవాళ్ళే నీళ్ళని వడగట్టి, వున్న ఉప్పులు తీసేసి, కావలసినవి తూకం వేసి కలుపుకోగలరు. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. మా మేనల్లుడు ఇదంతా గొప్పగా చెబుతుంటే నా నోరు తనంతట తనే మూసుకుంది.

నా నవలల వెనక అట్ట మీద ఫొటో చూసే వుంటారు. పెదవులు బిగించి వుంటాయి. గంభీరమైన రచయిత్రి అని కొందరు పాఠకులు ఉత్తరాలు కూడా రాశారు. గంభీరమా, గాడిదగుడ్డా! నా పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. మా ఊరి బావినీళ్ళిచ్చిన బహుమతి అది. ఫ్లోరైడు నీళ్ళు తాగి జనం ఎముకలు వంగిపోతున్నాయని తరవాత ప్రకాశం జిల్లాలో చేరిన పల్లెలనుంచే, నాటి మద్రాసు రాజధానిలో, 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడు అని ఇప్పుడు లోకమంతా ఒప్పుకున్న లెక్క.

తమాషా ఏమిటంటే, ఆ బావినీళ్ళకి మా అవ్వ నూటికి నూరు మార్కులేసేది. "తియ్యటి నీళ్ళే, పప్పు ఇట్టే ఉడుకుతుంది" అనేది. ఫ్లోరైడుకి రుచి వుండదు. పైగా సున్నం పాలు తక్కువగా వుండే మెత్తటి నీళ్ళలోనే అది ఎక్కువగా కరిగి వుంటుంది. అంటే పప్పు బాగా ఉడికిన బావే పిల్లల పళ్ళు తిన్న బావి కావచ్చు. ఊరందరికీ రుచి తెలిసిన నాలుక మా అవ్వది. ఆ నాలుకే మమ్మల్ని ముంచింది. నాలుక ఎంత గొప్పదైనా కొన్ని విషయాలు దానికి తెలీవు. అవి తెలుసుకోవడానికి పరీక్షలు చేసేవాళ్ళుండాలి, తెలిశాక మంచినీళ్ళు తెచ్చేవాళ్ళుండాలి.

శ్రీశైలం నీళ్ళు మాకు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. నేనప్పుడు ఇంటర్మీడియట్. సొరంగాలకి ప్రారంభోత్సవం జరిగింది 2024 మార్చిలో. మధ్యలో ఇరవయ్యెనిమిదేళ్ళు! ఒక బిడ్డ పుట్టి, పాలపళ్ళు ఊడి, అసలు పళ్ళు మచ్చలతో మొలిచి, పెళ్ళయి, తనకో బిడ్డ పుట్టేంత కాలం.

మా వాడి బీరు మీద నాకు కోపం లేదు. దాన్ని కాచేవాడు నీళ్ళలో మిల్లీగ్రాములు లెక్కపెడుతున్నందుకు దణ్ణం పెడతాను. నేనడిగేది ఒక్కటే. ఆ లెక్క గ్లాసులోకి వచ్చింది కదా, మా బిందెలోకి రావడానికి ఇంకెన్ని తరాలు కావాలి? చవక మందు అమ్మి ఆదాయం లెక్కపెట్టుకునే ప్రభుత్వాలు, ఆ సీసాలో వున్నదాన్ని అంత శ్రద్ధగానూ పరీక్షించి, ఫలితం దుకాణం గోడ మీద మా మార్కాపురం పలక మీదే రాసి తగిలించొచ్చు కదా? అంతవరకూ ఎవరికి రుచి తెలుసో, ఎవరికి తెలీదో తీర్పులు చెప్పకండి బాబూ. రుచి చూసే తీరిక కొందరికే దొరికింది. అది అదృష్టం. గొప్పతనం అనుకుంటేనే చిక్కు.

"ఇంతకీ ఎన్ని మార్కులేశావత్తా?" అన్నాడు లేచేటప్పుడు. కాగితం వాడి చేతికిచ్చాను. ఆరింటికీ న్యాయంగానే వేశాను, గోధుమదానికి ముప్ఫయ్యారు కూడా ఇచ్చాను. అడుగున మాత్రం నేనే ఒక గడి గీసి, 'నీళ్ళు' అని రాసి ఖాళీగా వదిలేశాను.

"ఇదెవరు నింపాలి?" అన్నాడు.

"మీ తాతని అడగరా, గనిలో పలకలు తీసేవాడు" అన్నాను. వాడు చిన్నాన్నని చూడనే లేదు. ఫొటో అయినా లేదాయె. ఇంటికెళ్ళేదాకా వాడు మళ్ళీ మాట్లాడలేదు.