లాడ్ బజార్లో నేను చేసిన బేరం

మేం ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. కూకట్‌పల్లిలోనే రెండిళ్ళు మారాం గానీ పేట మాత్రం మారలేదు. ఇన్నేళ్ళలో నేను చార్మినార్ వైపు వెళ్ళింది ఆరుసార్లో ఏడుసార్లో, అంతే. అదీ ప్రతిసారీ ఊర్నించి వచ్చిన చుట్టాలని వెంటేసుకుని. ఫోటో దిగటం, ముత్యాల దుకాణంలో ధర అడిగి బయటికి రావటం, నాలుగు జతల గాజులు కొనుక్కుని చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్యటం. "అటువైపు ఎక్కువసేపు ఉండకండి" అని మా అత్తయ్యగారు మమ్మల్ని పంపేముందు ప్రతిసారీ అనేవారు. ఎందుకుండకూడదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పకుండానే అర్థమయ్యే మాటలు కొన్ని ఉంటాయి కదా మన ఇళ్ళల్లో.

ఈ వేసవిలో మాత్రం వెళ్ళాల్సి వచ్చింది. మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది. ఎప్‌సెట్ కోచింగ్‌కి ఏడాది పాటు వెళ్ళొచ్చి, చివరికి బొమ్మల చదువు చదువుతానంది. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉందిగా, అక్కడ. ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మావారు కోపిష్టి మనిషి కాదు. ఆయన అన్నదల్లా ఒక్కటే, "కళ కూడు పెడుతుందా?" అని. నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. బి.ఏ.లో తెలుగు తీసుకుంటానన్నప్పుడు మా నాన్నా ఇదే అన్నాడు, కళ బదులు తెలుగు అన్నాడంతే. అయినా నేను మావారి పక్షమే మాట్లాడాను. నిజం చెప్పొద్దూ, నాకూ అదే భయం.

ప్రవేశపరీక్షకి చేతులు తిరగాలి, బయటికెళ్ళి మనుషుల్ని, పనుల్ని చూసి గీస్తానంది పిల్ల. ఒక్కదాన్నీ పంపటానికి మనసొప్పక నేనూ బయల్దేరాను. శనివారం పొద్దున్నే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కణ్ణించి ఆటోలో మూసీ దాటాం.

ముందు తిండి సంగతి చెప్తాను, ఎందుకంటే ముందు తిన్నది అదే. మేం శాకాహారులం. పాతబస్తీ అనగానే బిర్యానీ, హలీమే అనుకుంటారు అందరూ. హలీమ్‌కి 2010లోనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి మనలాంటివాళ్ళకి అక్కడేముంటుంది అనుకునేదాన్ని. గుల్జార్ హౌజ్ వైపు తోపుడు బండి మీద వేసే దోశె ఉంది చూశారూ! పెనం మీద పిండి పరిచి, దాని మీద ఉప్మా వేసి, ఉల్లిపాయలు, టమాటాలు, ఏదో కారప్పొడి వేసి, గరిటెడు వెన్న పడేసి అన్నీ కలిపి మెదిపేస్తాడు. దోశెలో ఉప్మా ఏమిటి, విడ్డూరం కాకపోతే, అన్నాను. మా అమ్మాయి వెంటనే "మరి అమ్మమ్మ పెసరట్టులో పెట్టేదేంటి?" అంది. నోరు మూసుకుని తిన్నాను. బండి చుట్టూ నిలబడ్డవాళ్ళల్లో టోపీలవాళ్ళున్నారు, బొట్లవాళ్ళున్నారు, మార్వాడీ కొట్లవాళ్ళున్నారు. అందరూ ఉర్దూలోనే ఆర్డరిస్తున్నారు, దక్షిణాది దోశెకి. ఆ తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. వాటి గురించి రాయని తెలుగువాళ్ళు లేరు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. సందులోంచి టకటకమని సుత్తి చప్పుడు వినిపిస్తే తొంగిచూశాం. వెండిరేకు కొడుతున్నారు. మిఠాయిల మీద అతికించే వరఖ్. చిన్న చిన్న వెండి ముక్కల్ని పల్చటి తోలు పొరల పుస్తకంలో ఒక్కో పేజీ మధ్యా ఒకటి పెట్టి, పుస్తకాన్ని గంటలకొద్దీ సుత్తితో కొడతారు. పాతకాలం పద్ధతి అది. తోలు పొరలు! ఇన్నేళ్ళూ దీపావళికి కాజూ బర్ఫీ దేవుడి దగ్గర పెట్టి మరీ తిన్నానే! గుడ్డు వేశారేమోనని కేకులు కూడా మానేసిన మా అత్తయ్యగారికి ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. చెప్పను కూడా. కానీ మనం గీసుకున్న గీతలు ఎంత సన్నంగా ఉంటాయో, ఆ వెండిరేకంత, అనిపించింది అక్కడ నిలబడితే.

ఛత్తా బజార్లో పెళ్ళి పత్రికల దుకాణాలు వరసగా ఉంటాయి. ఒకప్పుడు ఉర్దూ పత్రికలు, శుభలేఖలు అన్నీ కాతిబులు చేత్తో రాస్తేనే అచ్చయ్యేవి. కంప్యూటర్లు వచ్చాక చాలామంది ఆ పని వదిలేశారు. కలంతో రాసే పెద్దాయన ఒకాయన దొరికాడు. మా అమ్మాయి తన పేరు రాసివ్వమంటే, రెండుసార్లు పలికించుకుని, ఏటవాలుగా కోసిన కలంతో ఒక్క ఊపులో రాసేశాడు. తర్వాత నావైపు కాగితం తోసి, మీ లిపిలో రాయండి అన్నాడు. నేను గుండ్రంగా రాశాను. తలకట్టు దగ్గర వేలు పెట్టి, "ప్రతి అక్షరానికీ టోపీ ఉందే" అని నవ్వాడు. తెలుగు చదివిన నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు సుమండీ.

ఇక గాజులు. లక్క అంటే నాకు తెలిసింది భారతంలో లక్క ఇల్లు, చిన్నప్పటి లక్కపిడతలు. రెండూ పుస్తకమూ, ఆటా. లక్క ఒక పురుగు చెట్టుకొమ్మల మీద కట్టే జిగురని ఏదో పరీక్షకి చదివాను గానీ, అది గాజవటం ఎప్పుడూ చూడలేదు. బొగ్గుల కుంపటి మీద లక్కని మెత్తబరిచి, రంగు కలిపి, చెక్కతో దొర్లించి సన్నటి కడ్డీలాగా లాగుతారు. వేడి చల్లారకముందే గుండ్రంగా వంచి, కొసలు అతికించి, కర్రకి తొడిగి సైజు సర్దుతారు. ఆ తర్వాత రాళ్ళు. ఒక్కో రాయి, ఒక్కో పూస, ఒక్కో అద్దంముక్క, లక్క మెత్తగా ఉండగానే వేలితో, చిమటతో అద్దాలి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాం గుర్తుందా? ఆ గుర్తింపు ఆ వేళ్ళది.

లాడ్ బజార్లో ఒక కొట్లో ఆకుపచ్చ రాళ్ళ గాజులు నచ్చాయి. ఆరొందలన్నాడు. నేను మూడొందలన్నాను. లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాను. చెప్పుల్లో కాలు పెట్టాక వెనక్కి పిలిచాడు. మూడొందల యాభైకి తెగింది. ఎంత గర్వంగా ఉందో! మా అమ్మాయి మాత్రం మాట్లాడకుండా కుంపటి దగ్గర కూర్చుని బొమ్మ గీస్తోంది. అది గీసేది చూసి ముచ్చటపడ్డ కొట్టతను, రాళ్ళు పొదిగేది ఎక్కువగా ఆడవాళ్ళేననీ, ఇళ్ళల్లోనే చేస్తారనీ చెప్పి, వెనక సందులో ఒకింటికి కుర్రాణ్ణిచ్చి పంపించాడు.

ఆ ఇంటి గురించి రాయాలంటే చెయ్యి కొంచెం ఆగుతోంది. ఒకటే గది. కుంపటి, రాళ్ళ డబ్బాలు, ఆవిడ, ఇద్దరు కూతుళ్ళు. మే నెల. ఫ్యాన్ ఆపేసి ఉంది. వేస్తే నిప్పు ఎగురుతుంది, లక్క గట్టిపడిపోతుంది అంది ఆవిడ. ఆవిడ వేళ్ళ కొసలకి గీతలు లేవు, నున్నగా అరిగిపోయి ఉన్నాయి. నా చేతిలో కవరు చూసి తీసి, "ఇవి మావే" అంది. గుర్తుపట్టింది! నేను గీసిన గీత నేను గుర్తుపట్టినట్టు. ఒక జతకి ఆవిడకి ఎంతొస్తుందని మా అమ్మాయి అడిగింది. ఆవిడ చెప్పిన అంకె మేం పొద్దున ఆటోకి ఇచ్చినదానికంటే తక్కువ. మా అమ్మాయి నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

మధ్యాహ్నం అయింది. ఆవిడ అన్నంలో ఖట్టీ దాల్ పోసి రెండు పళ్ళాలు మా ముందు పెట్టింది. మాంసం లేదు, పప్పే, తినండి అంది. మా అమ్మాయి వెంటనే మొదలెట్టింది. నా చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదో మీకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. బండి దగ్గర పదిమంది మధ్య తిన్నదానికి లేని అభ్యంతరం ఆ పళ్ళెం దగ్గర వచ్చింది. "శనివారం అండీ, నాకు ఉపవాసం" అనేశాను. మా అమ్మాయి తింటున్నది ఆపి నా మొహంలోకి చూసింది, పొద్దున వెన్న దోశె తిన్న మొహంలోకి. ఆవిడ మాత్రం "అయ్యో, ముందే చెప్పొద్దా ఆపా, మేమూ రోజా ఉంటాంగా, నాకు తెలీదా" అని చిన్న కూతుర్ని పంపి అరడజను అరటిపళ్ళు తెప్పించింది. దగ్గర కూర్చుని వలిచి ఇచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నా పిల్ల ఒక్కటే అంది. "నాన్న కళ కూడు పెడుతుందా అన్నారు. మూడొందల యాభైకి నువ్వు తెచ్చేస్తే ఎలా పెడుతుందమ్మా?"

నేను రెండు రోజులు ఆలోచించాను. నా అభిప్రాయం ఇప్పుడిది, మీకు నచ్చకపోవచ్చు. మాల్‌లో స్టిక్కర్ మీద ఉన్న ధర నోరెత్తకుండా ఇచ్చే మనం, కాఫీకి మూడొందలిచ్చే మనం, చేత్తో చేసిన వస్తువు దగ్గరికొచ్చేసరికి మాత్రం బేరగాళ్ళం అయిపోతాం. ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మ దగ్గరా అంతే, పొందూరు చీర దగ్గరా అంతే, రోడ్డు పక్కన కుండల దగ్గరా అంతే. తర్వాత ఇంటికొచ్చి పిల్లలకి చెప్తాం, కళని నమ్ముకుంటే అడుక్కుతినాలి అని. పెట్టకుండా చేసేదీ మనమే, పెట్టదని చెప్పేదీ మనమే. "బేరమాడకపోతే కొట్టువాడే తింటాడు, పొదిగినావిడకేం రాదు" అన్నారు మావారు. అది కొంత నిజమే, కాదనను. ఆ ఆరొందలూ నేనిచ్చి ఉంటే ఆవిడ కూలి పెరిగేదా అంటే, ఆ రోజుకి పెరిగేది కాదు. కానీ అందరం సగానికి కోస్తూ పోతే, ఆ కోత చివరికి ఎవరి వేళ్ళ దగ్గర ఆగుతుందో ఆ గదిలో చూసొచ్చాను. నా వల్ల కాదు ఇక.

ఇంకో అభిప్రాయం కూడా ఉంది, ఇది నా మీద నాకే. ఊరు చూడటమంటే తిండి తిని, ఫోటో తీసుకుని రావటం కాదని నేనూ అంటూంటాను. కానీ మనకి నచ్చిన బండి దగ్గర మనమెంచుకున్నది తినటం వేరు, ఎదుటి మనిషి తన ఇంట్లో పెట్టింది తినటం వేరు. మొదటిదాంట్లో మనం డబ్బిస్తాం కాబట్టి మనదే పైచెయ్యి. రెండోదాంట్లో చెయ్యి కింద పెట్టాలి. పాతబస్తీ రుచుల గురించి వీడియోలు తీసే పిల్లల్ని చూస్తే నాకిదే అడగాలనిపిస్తుంది. ఎవరింట్లోనైనా తిన్నారా బాబూ?

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి మావారు కూడా వచ్చారు, మాట్లాడకుండా. గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్ళాను. ఆవిడ మూత తీసి వాసన చూసి, "అంబాడా!" అంది. వాళ్ళూ వండుకుంటారట, వాళ్ళ పద్ధతిలో. ఖట్టీ దాల్ తిన్నాను. మన పప్పుచారుకి అక్కలా ఉంది, కాస్త చిక్కన, చింతపండు పులుపు, పోపులో వెల్లుల్లి, ఎండుమిర్చి. బగారా బైంగన్ కూడా చేసింది. నువ్వులు, పల్లీలు, చింతపండు, ఇంతాచేసి గుత్తివంకాయే. మావారు రెండుసార్లు వడ్డించుకున్నారు. పిల్ల గీసిన కుంపటి బొమ్మ ఆవిడ గోడకి అంటించి ఉంది. మావారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఫైన్ ఆర్ట్స్ దరఖాస్తుకి డబ్బు కట్టారు గానీ, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి కూడా కట్టారు. మా ఇంట్లో యుద్ధం ఇంకా అయిపోలేదు.

మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పన్నెండు జతలు ఆవిడకే నేరుగా చెప్పాను, ధర మీరే చెప్పండి అని. చెప్పింది. నా నోట్లోంచి అలవాటుగా "కొంచెం చూసి..." అని వచ్చేసింది. మా అమ్మాయి నా తొడ గిల్లింది. "...మంచి రాళ్ళు వెయ్యండి" అని పూర్తిచేశాను.

ఎప్పుడు రమ్మంటారు, వచ్చే శనివారం రానా, అన్నాను లేస్తూ. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"శనివారం మీకు ఉపవాసం కదా ఆపా. ఆదివారం రండి, దాల్ చేస్తాను."

ఇప్పుడు ప్రతి శనివారం రాత్రీ అన్నం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టుకుంటున్నాను. ఎందుకని అత్తయ్యగారు అడిగితే, వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నానని చెప్పాను.