కట్టెల మోపుకి బిల్లు ఉండదు

ప్రపంచంలో ఏటా నరికే కలపలో దాదాపు సగం ఇప్పటికీ మంటలోకే వెళ్తోంది. నమ్మబుద్ధి కావట్లేదా? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ డేటా 1961 నుంచి ఉంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. గ్రాఫ్ గీస్తే గత కొన్ని దశాబ్దాల్లో ఆసియా గీత దిగుతూ, ఆఫ్రికా గీత ఎక్కుతూ కనిపిస్తాయి.

అంతమాత్రాన ఆఫ్రికాలో మనిషికో మోపు ఎక్కువైందనుకోకండి. అక్కడ జనాభా బాగా పెరిగింది. పట్నాలు పెరిగి బొగ్గు వాడకమూ పెరిగింది. మట్టి బట్టీలో కట్టెని బొగ్గు చేసేటప్పుడే సగానికి పైగా శక్తి పోతుంది. అటు యూరప్‌లో కలప పెల్లెట్లకి పునరుత్పాదక ఇంధనమని సబ్సిడీలిచ్చారు. ఒకచోట అవసరం, ఇంకోచోట పాలసీ.

మరి మన సంగతి? 2011 జనగణనలో దేశంలో 49 శాతం ఇళ్ళు కట్టెలతోనే వండుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చాయి. గ్యాస్ కనెక్షన్లు పెరిగాయి. కానీ రీఫిల్‌కి డబ్బుల్లేని నెలలో మళ్ళీ కట్టెలపొయ్యే కదా!

ఇంకో చిక్కు. ఏరుకొచ్చిన పుల్లలకి బిల్లు ఉండదు, మీటర్ ఉండదు. అందుకే చాలా దేశాల అంకెలు లెక్కపెట్టినవి కావు, మోడల్ వేసి తీసిన అంచనాలు. పైగా మామూలు కట్టెలపొయ్యిలో గిన్నెకి చేరేది చాలాచోట్ల 10-15 శాతం వేడే. మిగతాది వృథా. ఆ పొగ పీల్చేది వండే ఆడవాళ్ళు.

ఈసారి ఇలాంటి గ్రాఫ్ ఫార్వర్డ్ అయి వస్తే రెండు అడగండి: తలకి ఎంత? కొలిచారా, ఊహించారా?