చీటీ డబ్బుతో ఇంటికో కంప్యూటర్

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. చీటీ పాడుకుంటే 35 వేలు చేతికొచ్చాయట. అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం. పాఠాలు వినడం, నోట్సు రాసుకోవడం అన్నీ ఆ చిన్న ఫోనులోనే. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయేమో లైట్లు వెలిగే క్యాబినెట్టు, ఆటల కార్డు కావాలని పట్టుబట్టాడు. "కొట్టు అతను కూడా వాడి పక్షమే అక్కయ్యగారూ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ఏమాటకామాటే, ఆ లైట్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటివల్ల టాలీలో ఒక్క ఎంట్రీ కూడా త్వరగా పడదు. అమ్మాయి చదువుకని దాచిన డబ్బు గనక ముందు ఆ పిల్ల పని చూడండి. ఆటల కార్డు సంగతి తర్వాత చీటీకి చూసుకోవచ్చు.

ప్రాసెసర్ కొనేటప్పుడు తెరమీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ అందులోనే ఉందా అని అడగండి. ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే లేదని గుర్తు. అప్పుడు కార్డు విడిగా కొనక తప్పదు. రైజెన్‌లో చివర జి ఉంటే ఉన్నట్టే. నాలుగు డబ్బులు తక్కువని ఎఫ్ రకం తీసుకుంటే ఆ మిగులు కార్డుకే పోతుంది.

ర్యామ్ అంటే మన వంటగది గట్టులాంటిది. గట్టు ఇరుకైతే కూర తరిగే పీట తీస్తేగానీ పిండి గిన్నె పెట్టలేం. 8 జీబీకి తగ్గకండి. బోర్డుమీద ఇంకో ర్యామ్ పెట్టుకునే చోటు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అంతకుముందు పక్కింటివాళ్లు కొన్న లెక్క పట్టుకుని కొట్టుకెళితే నీరసం వస్తుంది. సరుకు దాచుకునే చోటుకి మాత్రం పాత హార్డ్ డిస్కు వద్దు, ఎస్.ఎస్.డి. తీసుకోండి. 256 జీబీది చాలు. ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించకండి, మిషను చురుగ్గా ఉండేది దీనివల్లే.

క్యాబినెట్టుతో ఊరికే వచ్చే పవర్ సప్లైని నమ్మొద్దు. అది పాడైతే బోర్డుని కూడా తీసుకుపోవచ్చు. 80 ప్లస్ గుర్తున్న పేరున్న కంపెనీది అడగండి. యూపీఎస్ కూడా ఉండాలి. కరెంటు పోయాక పది నిమిషాలు నిలబడితే చాలు, రాసింది దాచుకుని కట్టేయడానికే అది. అన్నట్టు, అందులో మిక్సీ ప్లగ్గు పెట్టకండి!

ఇన్నీ కలిపితే 35 వేలు చాలకపోవచ్చు. అప్పుడు ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి కంపెనీ మిషన్లు చూడండి. నన్నడిగితే ఈ సోదరికి అదే నయం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త పార్టులూ, ఇలాంటి వాడిన మిషన్లూ రెండూ దొరుకుతాయి. అయితే ఐ5 స్టిక్కరు చూసి మురిసిపోకూడదు. పక్కనున్న నంబరు చూడాలి. 4570 అంటే నాలుగో తరం, 8500 అంటే ఎనిమిదో తరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైవే పనికొస్తాయి. పాతదానిలో ఎలాగో ఎక్కించి "పదకొండే ఉందమ్మా" అంటారు, తరం అడగండి.

"విండోస్ ఉత్తినే వేసిస్తాం" అంటే కూడా ఒప్పుకోకండి. దొంగ కాపీతో పాటు ఏమేం వస్తాయో మనకి తెలీదు, బ్యాంకు పాస్‌వర్డులు కొట్టేది అందులోనే కదా. వాడిన మిషన్లలో చాలావాటికి అసలు విండోస్ లైసెన్సు ముందే ఉంటుంది. టాలీకి విండోస్ కావాలి గనక అది చూసుకుని కొనండి. టాలీ నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు పడతాయి, సాధనకి అది చాలు. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రే ఆఫీస్ ఉచితం, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి. టాలీ అవసరం లేని ఇంట్లో అయితే లినక్స్ మింట్ వేసుకోండి, అదీ ఉచితమే.

మనకోసం ఒక మాట. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ పడుతుంది. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలా కాదు, ఇలా రాసింది వాట్సాప్‌లోనూ సరిగ్గా కనిపిస్తుంది. వంటల పుస్తకం రాసుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

బిల్లుమీద ఒక్కో పార్టు సీరియల్ నంబరు రాయించుకోండి. గ్యారంటీ పార్టుకో రకంగా ఉంటుంది. అట్టపెట్టెలు ఏడాదిపాటు అటకమీద ఉంచండి, దీపావళికి ఇల్లు సర్దుతూ పారేయకండి.